తోటివాడే తొలి శ్రోత

ఏటేట వేసవి సెలవులు ముగియుసరికి ములుగు, భూపాలపల్లి, మహబూబాబాదు, జనగామ ప్రాంతముల పల్లెలనుండి పదునైదు పదునారేండ్ల బాలబాలికలు ఇనుపపెట్టెలతో, పరుపుచుట్టలతో హనుమకొండ చేరి, నయీంనగరు, కిషన్‌పుర మొదలగు పేటలలోని జూనియర్ కళాశాలల హాస్టళ్లలో ప్రవేశింతురు. 1959లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, అనగా నేటి ఎన్.ఐ.టి.యు, అదే సంవత్సరమున వెలసిన కాకతీయ వైద్యకళాశాలయు, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయమును ఓరుగల్లును విద్యానగరముగ తీర్చిదిద్దినవి; కనుకనే తమ బిడ్డయు ఆ ప్రాంగణములలో అడుగిడవలెనని పత్తిచేనిలో చెమటోడ్చు తండ్రియు, బీడీలు చుట్టు తల్లియు ఆశపడుట మిక్కిలి సహజము. ఆ ఆశ నిందింపదగినది కాదు. ఐతే ఆ ఆశ సమస్తమును ఒక పరీక్షమీద, ఒక ర్యాంకుమీద మోపి, పిల్లవాని విలువను వారాంతపు టెస్టు మార్కులతో తూచుట మొదలిడినపుడు, లోలోపల క్రుంగిపోవుచున్న వానిని గుర్తింపగల కన్ను ఎవరిదన్న ప్రశ్నను మనము తప్పక వేసికొనవలసియున్నది.

ఈ ప్రశ్న ఊహాజనితము కాదు. 2019 ఏప్రిల్ 18వ తేదీన వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములలో దోషములు దొరలినవని రాష్ట్రమంతట ఆందోళన చెలరేగినది. ఆ దినములలోనే ఇరువదిమందికి మించిన విద్యార్థులు ఆత్మహత్యతో మరణించిరి. తప్పినవారి జవాబుపత్రములను రుసుము లేకుండ మరల పరిశీలింపవలసినదని ప్రభుత్వము ఆదేశించెను గాని, పోయిన ప్రాణములకు ఆ పరిశీలనము అందలేదు. దేశమంతట 2022లో ఆత్మహత్యచే మరణించిన విద్యార్థుల సంఖ్య 13,044 అని జాతీయ నేరగణాంక సంస్థ ప్రకటించినది. ఇట్టి వార్త విన్నపుడు కొందరు నేటి పిల్లలకు గుండెనిబ్బరము లేదని నిందింతురు; మరికొందరు పరీక్ష తప్పుటయే కారణమని ఒక్కమాటతో తేల్చివేయుదురు. ఆత్మహత్యకు ఏకైక కారణ ముండుట అరుదని వైద్యులు చెప్పుదురు: గుర్తింపబడని విషాదవ్యాధి, ఇంటిలోని కలహము, పదుగురిలో జరిగిన అవమానము, ఒంటరితనము, నిద్రలేమి, వీనిలో కొన్ని పేరుకొనియుండగా ఫలితమో మందలింపో వచ్చి తాకును. పేరుకొను కాలము దినములుగ, వారములుగ సాగును గావున నివారణకు అవకాశమును అంతకాలము ఉండును.

ఆ కాలమున విద్యార్థిచెంత ఉండువారెవరు? తల్లిదండ్రులు ఫోనులో గొంతు మాత్రమే వినగలరు. ఉపాధ్యాయుడు తరగతిలో కాసేపు చూచును. వార్డెను గదుల లెక్క చూచుకొని పోవును. ప్రక్కమంచముమీద పరుండు స్నేహితుడో, ఒకే బల్లపై కూర్చుండు స్నేహితురాలో మాత్రమే అన్నము ముట్టని పళ్లెమును, తెల్లవారుదాక మూయని కన్నులను, ప్రాణమువలె దాచుకొన్న వస్తువులను ఇతరులకు పంచిపెట్టుటను, "నేనుంటే ఏంది, లేకుంటే ఏంది" అను మాటను ప్రత్యక్షముగ చూడగలరు, వినగలరు. విద్యార్థులే ముందునిలిచి నడపు నివారణోద్యమములకు పునాది ఈ సామీప్యమే.

ఈ మార్గమునకు శాస్త్రప్రమాణము లేకపోలేదు. ఐరోపాలోని పది దేశములలో 168 పాఠశాలలకు చెందిన 11,110 మంది కౌమారవయస్కులపై జరిగిన ఒక పరిశోధన ఫలితములు 2015లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో వెలువడినవి. ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుట యొకచోట, నిపుణులచే విద్యార్థులను పరీక్షింపజేయుట మరియొకచోట, విద్యార్థులే తమ జీవితములలోని చిక్కులను చిన్న నాటికలుగ ఆడుచు, చర్చించుచు, మానసికారోగ్యమును గూర్చి నేర్చుకొనుట వేరొకచోట ప్రయోగించి చూచిరి. ఏడాది గడచిన పిమ్మట, మామూలు పాఠశాలలతో పోల్చగా ఆత్మహత్యాయత్నములును తీవ్రమైన ఆత్మహత్యాలోచనలును ఇంచుమించు సగమునకు తగ్గినది ఈ మూడవ పద్ధతి ననుసరించిన చోటనే. అమెరికాలో 1998లో ఆరంభమైన ‘సోర్సెస్ ఆఫ్ స్ట్రెంగ్త్’ అను కార్యక్రమమున తోటివారి ఆదరమునకు పాత్రులైన విద్యార్థులను నాయకులుగ ఎన్నుకొని, నమ్మదగిన పెద్దలను ఆశ్రయించుట సిగ్గుపడవలసిన పని కాదను భావమును పాఠశాలయంతట వ్యాపింపజేయుదురు.

మన దేశమునను ఇందుకు ఒక చట్రము సిద్ధముగనే యున్నది. 2020 ఫిబ్రవరిలో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమము ప్రకారము ప్రతి పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులు ఆరోగ్యరాయబారులుగ శిక్షణ పొంది, వారమున కొక గంట పాఠము నడపవలెను. ప్రతి తరగతిలో ఇద్దరు విద్యార్థులు వారికి సందేశవాహకులుగ తోడ్పడవలెను. పదునొకండు పాఠ్యాంశములలో మానసికారోగ్యమును ఒకటి. ఆ గంటను గణితమునకో భౌతికశాస్త్రమునకో అర్పింపక నిజముగ నడపినచో, మాటకు తావు దొరకును.

సహవిద్యార్థి నేర్వవలసిన విద్య మిక్కిలి స్వల్పమే గాని మిక్కిలి విలువైనది. "ఏమైందిరా, రెండు దినాల సంది తింటలేవు?" అని ఏకాంతమున అడుగుట, "ఏం లేదు, మంచిగనే ఉన్న" అని జవాబు వచ్చినను విడువక చెంత కూర్చుండుట, తీర్పు చెప్పక, నీతులు బోధింపక, తన కష్టములతో పోల్చక వినుట, అనుమానము బలపడినపుడు "చచ్చిపోవాలని అనిపిస్తున్నదా నీకు?" అని సూటిగ ప్రశ్నించుట. ఇట్లడిగిన లేని తలపు పుట్టునేమోయని పెద్దలు సైతము జంకుదురు. అడుగుటవలన అట్టి తలపు పుట్టదనియు, పలువురకు అది ఉపశమనమే కలిగించుననియు పరిశోధనలు తెలుపుచున్నవి. అటుపిమ్మట "ఎవలకు చెప్పకు" అని మిత్రుడు ఒట్టు వేయించుకొనబోవును. ఆ ఒట్టుకు లొంగరాదు. "నీకు కోపం వచ్చినా సరే, మేడమ్‌కు చెప్పుదాం, నేను గూడ నీతోని వస్త" అని చెప్పి, పెద్దవారు వచ్చువరకు వానిని ఒంటరిగ విడువకుండుటయే ఆనాటి స్నేహధర్మము.

అక్కడితో విద్యార్థి బాధ్యత ముగియవలెను. కాకతీయులు ఈ నేలపై త్రవ్వించిన గొలుసుకట్టు చెరువులలో మీది చెరువు నిండినపుడు అలుగు పారి నీరు దిగువ చెరువునకు చేరును. అలుగులేని చెరువునకు గండి తప్పదు. ఒకరి దుఃఖమును విన్న పదునారేండ్ల పిల్ల దానిని అందజేయుటకు మార్గము లేక తనలోనే నిలుపుకొనవలసివచ్చిన, ఆ పిల్లయు ఆపదలో పడును. విద్యార్థినాయకులను వైద్యులుగ, కావలివాండ్రుగ, రాత్రి గస్తీ తిరుగువారుగ వాడుకొనుట సేవ కాదు, అన్యాయము. వారికి వారమువారము మాటలాడుటకు ఒక పెద్ద ఉండవలెను; చాలించుకొనదలచిన నాడు తప్పుకొను స్వేచ్ఛయు ఉండవలెను.

కావున భారము చివరకు పెద్దలదే. విశాఖపట్టణమున నీట్ పరీక్షకు చదువుచుండిన పదునేడేండ్ల విద్యార్థిని మృతికి సంబంధించిన వ్యాజ్యమున 2025 జులై 25వ తేదీన సుప్రీంకోర్టు దేశములోని విద్యాసంస్థలన్నింటికి పదునైదు మార్గదర్శకములను విధించినది. నూరుగురు లేక అంతకు మించిన విద్యార్థులున్న సంస్థ అర్హతగల కౌన్సిలరునో, మనస్తత్త్వవేత్తనో, సామాజిక కార్యకర్తనో నియమింపవలెను. మార్కులనుబట్టి బ్యాచులుగ విడదీయుట, నలుగురిలో అవమానించుట మానవలెను. సిబ్బందికి ఏటికి కనీసము రెండుమారులు శిక్షణ యిప్పింపవలెను. సహాయకేంద్రముల ఫోను నంబర్లను హాస్టళ్లలో, తరగతులలో పెద్ద అక్షరములతో ప్రదర్శింపవలెను. తమ బిడ్డను చేర్పించుటకు వచ్చిన తల్లిదండ్రులు ఫీజుతోపాటు వీనిని గూర్చియు అడిగి తెలిసికొనుట వారి హక్కు.

2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలీ మానస్ అను మానసికారోగ్య సహాయసేవ 14416 నంబరుపై రేయింబవళ్లు ఉచితముగ, తెలుగులోను లభించుచున్నది. బాలల సహాయమునకు 1098 కలదు. తక్షణాపాయ మున్నపుడు ఓరుగల్లులోని ఎం.జి.ఎం. వంటి ఆసుపత్రికి కొనిపోవుటకు జాగు చేయరాదు. కేసు పెట్టుదురను భయమున దాచిపెట్టు కుటుంబములు ఇంకను కలవు. 2017నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము ఆత్మహత్యాయత్నము చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో నున్నవారనియే భావించి, వారిని శిక్షింపరాదనియు, వారికి చికిత్సను, సంరక్షణను కల్పించుట ప్రభుత్వ విధియనియు శాసించినది. పరీక్ష తప్పినవారికి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉన్నదని ఫలితములు వెలువడిన తర్వాత గాక, ముందుగనే ఇంటింట చెప్పుకొనవలెను.

ఎన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒక మరణము సంభవింపవచ్చును. అప్పుడు వాట్సాప్‌లో ఫోటోలను, ఊహాగానములను పంచుట, మృతుని వీరునిగ కీర్తించుట, దోషిగ దూషించుట, ఇవన్నియు మిగిలిన పిల్లలకు హాని చేయును. ‘ముందే గ్రహింపలేకపోతిని’ అని కుమిలిపోవు మిత్రునకు ఆ దోషము వానిది కాదని చెప్పుట, కొన్ని నెలలవరకు కనిపెట్టియుండుట పెద్దల తక్షణకర్తవ్యము.

ఓరుగల్లు పాఠశాలలు సెప్టెంబరు 9న కాళోజీ జయంతిని తెలంగాణ భాషాదినోత్సవముగ జరుపుకొనును. మరునాడు, సెప్టెంబరు 10న, ప్రపంచ ఆత్మహత్యా నివారణ దినము. మొదటినాడు పిల్లలు తమ పలుకుబడిలో పద్యములు, వ్యాసములు చదువుదురు. రెండవనాడు అదే పలుకుబడిలో తమ భయములను నాటికలుగ ఆడి చూపుటకు, తమకు నమ్మకముగల ఉపాధ్యాయుని పేరు చీటిపై వ్రాసియిచ్చుటకు అవకాశ మీయవచ్చును. దీనికి ధనము అక్కరలేదు. ఏ ఉపాధ్యాయుని పేరును వ్రాయలేని పిల్ల లెందరో ఆ చీటీలు లెక్కించిననాడు తెలియును. విద్యార్థినాయకుల నెన్నుకొనుటకు పూర్వము ప్రధానోపాధ్యాయుడు చక్కదిద్దవలసినది ఆ లోటునే.