పరమాణువుల చేవ్రాలు

కంసాలి గీటురాయిపై గీచి బంగారము మేలిమిని తెలిసికొనును. గీటు పెట్టకయే, ఇసుమంత పదార్థములోని మూలకముల నెరుగు ఉపాయ మొకటి కలదు.

ఎక్స్‌కిరణము తాకగా పరమాణువు లోపలి కక్ష్యనుండి ఎలక్ట్రాను ఒకటి ఎగిరిపోవును. ఆ ఖాళీలోనికి పైకక్ష్యలోని ఎలక్ట్రాను దిగును. దిగుచు వేరొక ఎక్స్‌కిరణమును వెలువరించును. దాని శక్తి ఇనుమున కొకటి, రాగి కొకటి. ఈ చేవ్రాళ్లను వరుసగా చదివి, మూలకములకు పరమాణు సంఖ్యయే నిజమైన క్రమమని 1913-14లో నిరూపించినవాడు ఆంగ్ల యువకుడు హెన్రీ మోస్లీ. 1915 ఆగస్టులో గల్లిపోలీ యుద్ధమున గుండు తగిలి యతడు మరణించెను. అప్పటి కతనికి 27 ఏండ్లు.

నేడు ఫ్రాన్సులోని గ్రెనోబుల్ సింక్రోట్రాను కేంద్రమున కిరణమును మిల్లీమీటరులో పదివేలవ వంతుకంటె సన్నము చేసి, జీవకణముపై చుక్క చుక్కగా నడపి, ఏ మూలక మెచట నున్నదో పటము గీయుచున్నారు. 2007లో ప్రకటితమైన యొక పరిశోధనలో, డోపమైను నుత్పత్తిచేయు కణములను 90 నానోమీటర్ల కిరణముతో పరీక్షింపగా, డోపమైను దాచు తిత్తులలోనే ఇనుమును నిలువయుండుట కనబడెను. పార్కిన్‌సన్ వ్యాధిలో మెదడున నశించునవి డోపమైను కణములే.

గుండుదెబ్బకు ఆగిన చదువు అచట సాగుచున్నది.