మీకు తెలుసా? హార్నెస్‌కు నాలుగు పట్టీలు చాలవు

రేస్ ట్రాక్‌పై సరదాగా కారు నడపాలనుకునేవారిలో కొందరు ముందు సీటు బెల్టుకు బదులు నాలుగు పాయింట్ల హార్నెస్ కొంటారు. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. చిక్కంతా కారు ఢీకొన్నప్పుడే. భుజాల పట్టీలు నడుము పట్టీని పైకి లాగుతాయి. అది తుంటి ఎముకల మీంచి జారి మెత్తటి పొట్టలోకి దిగుతుంది, మనిషి దాని కిందుగా ముందుకు జారిపోతాడు. ఆరు పాయింట్ల హార్నెస్‌లో తొడల మధ్య నుంచి వచ్చే రెండు పట్టీల పని ఈ జారుడును ఆపడమే.

భుజాల పట్టీలు సీటు వెనక నిటారుగా దిగితే వెన్నెముకను కిందికి నొక్కేస్తాయి. అందుకే అవి అడ్డగీత నుంచి 45 డిగ్రీలకు మించి వాలకూడదంటుంది అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్ఐఏ. బిగించేటప్పుడు ముందు నడుము, తర్వాతే భుజాలు. లేబుల్ మీది గడువు చూడండి. ఒకసారి ప్రమాదం చూసిన పట్టీ సాగిపోయి ఉంటుంది, చవకగా వచ్చినా వద్దు.

అన్నట్టు, హార్నెస్ మనిషిని నిటారుగా కట్టేస్తుంది. కారు బోల్తాపడి పైకప్పు నలిగితే పక్కకు వంగే వీలుండదు. రోల్ కేజ్ గానీ, కనీసం రోల్ బార్ గానీ లేని కారులో కంపెనీ ఇచ్చిన మూడు పాయింట్ల సీటు బెల్టే మేలు.