ఇంటి శుభ్రతకు వంటింటి దినుసులు

ఇల్లు శుభ్రంగా ఉంటే సగం వ్యాధులు గుమ్మం దాటి రావని మా నాయనమ్మ అనేది. అయితే శుభ్రం చేసే పనిలోనే అనారోగ్యాన్ని కొని తెచ్చుకున్న అనుభవం మా ఇంట జరిగింది. కొన్నేళ్ళ క్రితం సంక్రాంతికి ముందు నా భార్య స్నానాలగది కడుగుతూ, మరింత తెల్లబడుతుందని యాసిడ్ పోసిన చోటనే బ్లీచింగ్ పౌడరు చల్లింది. క్షణాల్లో ఘాటైన వాయువు గదిని కమ్మింది. ఆమె దగ్గుతూ, కళ్ళ మంటతో బయటికి పరుగెత్తుకొచ్చింది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుందనీ, అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుందనీ వైద్యులు చెప్పేవరకు మాకు తెలియదు. పండుగ మూడు రోజులూ ఆమె ఆయాసంతోనే గడిపింది.

నాటినుండి వీలైనంతవరకు వంటింటి దినుసులతోనే ఇల్లు శుభ్రపరచుకొంటున్నాము. ఏ దినుసు ఏ మురికిని ఎందువల్ల వదిలిస్తుందో తెలిసి వాడినప్పుడే ఫలితం ఉంటుంది.

జిడ్డుకు కుంకుడుకాయ

సంస్కృతంలో కుంకుడుకు ‘ఫేనిలం’ అని పేరు. నురుగునిచ్చేది అని అర్థం. ఇందులోని సపోనిన్లు అనే పదార్థాలు జిడ్డును నీటిలో కలిసిపోయేలా చేస్తాయి. బోరునీటిలో సబ్బు విరిగి తెల్లని మడ్డి కడుతుంది. కుంకుడు రసానికి ఆ దోషం లేదు. పదిహేను కాయల గింజలు తీసివేసి, పెచ్చులను లీటరు వేడినీటిలో రాత్రంతా నానబెట్టాలి. ఉదయం కాసేపు మరిగించి, చల్లారాక పిసికి, గుడ్డలో వడకట్టాలి. గ్లాసెడు రసం అర బక్కెట్టు నీటిలో కలిపి నేల తుడవవచ్చు. కొబ్బరిపీచుతో గిన్నెలు తోమవచ్చు. తోమిన పిమ్మట మంచినీటితో రెండుసార్లు కడగాలి. ఈ రసం రెండు మూడు రోజులకు మించి నిలవదు కనుక కొద్దికొద్దిగా చేసుకోవాలి. కళ్ళలో పడితే విపరీతమైన మంట, పిల్లలకు అందనీయరాదు.

చిలుముకు, నీటి మరకలకు పులుపు

ఇత్తడి, రాగి పాత్రల చిలుమును చింతపండులోని ఆమ్లం కరిగిస్తుంది. చింతపండు గుజ్జులో కాస్త ఉప్పు కలిపి రుద్ది, వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. కుళాయిలపై పేరుకొనే తెల్లని పొర నీటిలోని సున్నమే. నిమ్మరసంలోగాని వెనిగర్‌లోగాని తడిపిన గుడ్డను అరగంటసేపు చుట్టి ఉంచితే అది మెత్తబడి ఊడివస్తుంది.

అయితే ఈ పులుపు గుణమే ఒకచోట దోషమవుతుంది. పాలరాయి, కడప బండలు, తాండూరు, షాబాదు బండలు అన్నీ సున్నపు జాతి రాళ్ళే. కుళాయి మీది పొరను కరిగించే నిమ్మరసం వీటి నునుపునూ తినేస్తుంది. అటువంటి నేలకు పలుచని కుంకుడు నీరే శ్రేయస్కరం.

వంటసోడా

పొయ్యిగట్టు జిడ్డుకు, తొట్టి దుర్వాసనకు వంటసోడా మంచిది. తడిగుడ్డపై కొద్దిగా చల్లి మెల్లగా రుద్దితే చాలు. సోడాను వెనిగర్‌తో కలిపితే బాగా పొంగుతుంది గనుక బలం ఎక్కువని కొందరు భావిస్తారు. నిజానికి ఒకదాని గుణాన్ని మరొకటి హరిస్తుంది. విడివిడిగా వాడుటయే మేలు.

మరువరాని హెచ్చరిక

సహజమైనవి గదా అని నిమ్మరసం, చింతపండు, వెనిగర్‌లను బ్లీచింగ్ పౌడరుతో కలపరాదు. యాసిడ్ వలె ఇవి కూడా ఆమ్లాలే; క్లోరిన్‌ను పుట్టించగలవు. పొరపాటున అలా జరిగితే గది విడిచి వెంటనే గాలి వీచే చోటికి రావాలి. దగ్గు, ఆయాసం తగ్గకుంటే ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించాలి.

కుంకుడు రసం మురికిని వదిలిస్తుందేగాని, క్రిములన్నింటినీ చంపుతుందని నమ్మరాదు. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయినప్పుడు మరుగుదొడ్డికి బ్లీచింగ్ నీరు వాడవలసిందే. కాని దానిని ఒంటరిగా, కిటికీలు తెరచి, చేతులకు తొడుగులు వేసుకొని వాడాలి. మా ఇంట ఇప్పుడు ఆ పౌడరు డబ్బా ఒక అలమరలో, యాసిడ్ సీసా ఉండే చోట కుంకుడుకాయల డబ్బా మరొక అలమరలో ఉన్నాయి. యాసిడ్ సీసాను మళ్ళీ కొనలేదు.