దైవసాక్షి కాకుంటే... మనస్సాక్షి!

దేవుణ్ని నమ్మనివాళ్లు ఎమ్మెల్యే కావచ్చా? మంత్రి, న్యాయమూర్తి, రాష్ట్రపతి..? మనదేశంలో నిక్షేపంగా కావచ్చు. అదే హక్కు కోసం బ్రిటన్‌లో ఓ ఎంపీ ఆరేళ్లు పోరాడాల్సి వచ్చింది. అమెరికాలో ఏడు రాష్ట్రాల రాజ్యాంగాల్లో ఆ నిషేధం ఇప్పటికీ అచ్చులో ఉంది. మరి మనకి ఆ తలుపు ఎలా తెరుచుకుంది? పూర్తిగా తెరుచుకుందా?

ఎన్నికలొచ్చాయంటే విశాఖ కలెక్టరేట్ దగ్గర సందడే సందడి. డప్పులు, జెండాలు, ముహూర్తం చూసుకుని మరీ వచ్చే అభ్యర్థులు... నామినేషన్ వేసినవారంతా చేయాల్సిన పని మరొకటుంది. అదే ప్రమాణం. రాజ్యాంగానికి విధేయులమై ఉంటామనీ, దేశ సార్వభౌమత్వాన్నీ సమగ్రతనూ కాపాడతామనీ చెప్పి సంతకం పెట్టాలి. 1963లో పదహారో రాజ్యాంగ సవరణ తెచ్చిన నిబంధన ఇది. గెలిస్తే చట్టసభలో మరోసారి, మంత్రి అయితే ఇంకోసారి!

ఆ ప్రమాణాల నమూనాలు రాజ్యాంగం మూడో షెడ్యూల్‌లో ఉన్నాయి. అందులో ఒకచోట అడ్డంగా చిన్న గీత కనిపిస్తుంది. గీతకి పైన 'దేవుని పేరిట ప్రమాణం చేస్తున్నాను' అని ఉంటుంది. కింద, దేవుడి ప్రస్తావన లేకుండా 'సత్యనిష్ఠతో ప్రతిజ్ఞ చేస్తున్నాను' అని. రెండిట్లో ఏదైనా చదవొచ్చు. ఎందుకలా చదివారని అడిగే హక్కు ఎవరికీ లేదు. పదవిలో, అధికారాల్లో వీసమెత్తు తేడా రాదు.

దేవుడి మీద ఓటింగ్!

ఆ గీత ఊరికే రాలేదు. రాజ్యాంగ ముసాయిదాలో రాష్ట్రపతి చేయాల్సిన ప్రమాణంలో అసలు దేవుడి మాటే లేదు. 1948 డిసెంబరులో ఆ అంశం చర్చకు వచ్చినప్పుడు మహావీర్ త్యాగి తదితరులు దేవుడి పేరు ఉండాలని పట్టుబట్టారు. నమ్మేవారి కోసం ఆ మాట చేర్చారు, నమ్మనివారి కోసం రెండో మాటను అలాగే ఉంచారు.

1949 అక్టోబరు 17న మళ్లీ అదే వాదన. ఈసారి రాజ్యాంగ పీఠిక 'దేవుని పేరిట' అంటూ మొదలవ్వాలని హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించారు. పట్టం థాను పిళ్లై లేచి... తాను ఆస్తికుణ్నే అయినా ఇలా చేర్చడం విశ్వాసం విషయంలో బలవంతపెట్టడమే అవుతుందన్నారు. దేవుణ్ని నమ్మే హక్కు ఎంతుందో నమ్మకపోయే హక్కూ మనిషికి అంతే ఉందని ఆయన వాదన. చివరికి ఓటింగ్ పెట్టారు. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. సవరణ వీగిపోయింది. నాస్తికుల హక్కును అక్కడ కాపాడింది ఓ ఆస్తికుడి మాట!

రెండు దారులు ఉన్నాయి కదాని మూడోది కుదరదు. 2001లో కేరళలో ఓ ఎమ్మెల్యే శ్రీనారాయణ గురు పేరిట ప్రమాణం చేస్తే అది చెల్లదని ఆ రాష్ట్ర హైకోర్టు తేల్చింది.

ఐదుసార్లు గెలిచినా...

ఇక్కడ ఇంత సులువుగా దొరికిన హక్కు కోసం చార్లెస్ బ్రాడ్లా పడిన పాట్లు అన్నీఇన్నీ కావు. 1880లో నార్తాంప్టన్ నుంచి బ్రిటిష్ పార్లమెంటుకి ఎన్నికైన ఆయన పేరుమోసిన నాస్తికుడు. ప్రమాణానికి బదులు ప్రతిజ్ఞ చేస్తానన్నారు. సభ ఒప్పుకోలేదు. సరే, ప్రమాణమే చేస్తానన్నారు. 'నువ్వు నాస్తికుడివి, నీ ప్రమాణానికి విలువేంటి?' అంటూ అదీ ఒప్పుకోలేదు! ముందుకెళితే నుయ్యి, వెనక్కెళితే గొయ్యి. సభ నుంచి గెంటేశారు. ఓ రాత్రి పార్లమెంటు గడియార స్తంభంలో బంధించారు. నియోజకవర్గ ప్రజలు మాత్రం ఆయన్నే మళ్లీ మళ్లీ గెలిపించారు. 1886లో గానీ సీటు దక్కలేదు. దేవుడి పేరెత్తకుండా ప్రతిజ్ఞ చేసే హక్కును అందరికీ ఇస్తూ 1888లో చట్టం తెప్పించేదాకా ఆయన నిద్రపోలేదు.

ఆ బ్రాడ్లాకి మనవాళ్లు పెట్టుకున్న పేరు 'భారత సభ్యుడు'. మన సమస్యల్ని అక్కడ అంతగా వినిపించేవారు మరి. 1889లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకీ వచ్చారు. 1891లో ఆయన అంత్యక్రియలకు హాజరైనవారిలో లండన్‌లో చదువుకుంటున్న ఓ భారతీయ కుర్రాడూ ఉన్నాడు. పేరు... మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ!

చెల్లదు... కానీ చెరగదు

అమెరికాలో పదవులకు మత పరీక్ష ఉండకూడదని ఆ దేశ రాజ్యాంగమే చెబుతోంది. రాష్ట్రాల రాజ్యాంగాల తీరు వేరు. దేవుడు లేడనేవారు ఏ పదవీ చేపట్టరాదనీ, కోర్టులో సాక్ష్యానికీ పనికిరారనీ ఆర్కాన్సా రాజ్యాంగం అంటుంది. టెక్సాస్, టెనెసీ, మిసిసిపీ, ఉత్తర కరొలినా, దక్షిణ కరొలినా, మేరీల్యాండ్‌లలోనూ అలాంటి వాక్యాలే. మేరీల్యాండ్‌లో నోటరీగా నియమితుడైన రాయ్ టోర్కాసో దేవుణ్ని నమ్ముతున్నానని ప్రకటించనన్నాడు. ఉద్యోగం ఇవ్వలేదు. 1961లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన వైపు తీర్పు చెప్పింది. దాంతో ఆ నిబంధనలన్నీ ఉత్తుత్తివైపోయాయి. కానీ అచ్చులోంచి పోలేదు. అందుకే దక్షిణ కరొలినాలో లెక్కల ప్రొఫెసర్ హెర్బ్ సిల్వర్‌మన్ అదే నోటరీ పని కోసం కోర్టుకెక్కి 1997 దాకా ఆగాల్సి వచ్చింది. 2009లో యాష్‌విల్ నగర కౌన్సిల్‌కి ఎన్నికైన సెసిల్ బోత్‌వెల్ మీదికీ ప్రత్యర్థులు ఆ పాత వాక్యాన్నే దుమ్ముదులిపి తీశారు. ఆయన పదవి మాత్రం పోలేదు.

సాగరతీరంలో నాస్తిక స్వరం

మళ్లీ విశాఖకి వద్దాం. భారత నాస్తిక సమాజం 1972లో పుట్టింది ఈ ఊళ్లోనే. స్థాపించింది జయగోపాల్. పదవి ఇస్తారా ఇవ్వరా అన్నది కాదు ఈ సంస్థకి ఎదురైన ప్రశ్న, పదవిలో ఉన్నవారు ఏం చేయాలన్నది. ప్రభుత్వ శంకుస్థాపనల్లో కొబ్బరికాయలు కొట్టడం, పూజలు చేయడం, మంత్రాలు చదవడం ఆపించాలంటూ సమాజం నల్గొండ జిల్లా శాఖ హైకోర్టుకి వెళ్లింది. 1992లో నమోదైన తీర్పులో కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. అలా నిషేధిస్తే విశ్వాసం ఉన్నవారి స్వేచ్ఛ దెబ్బతింటుందంది.

విశాఖలో మరో విశేషమూ ఉంది. పోర్టు ఛైర్మన్ కావాలన్నా, ఉక్కు కర్మాగారానికి అధిపతి కావాలన్నా మతం అడగరు. రాజ్యాంగం పదహారో అధికరణ అలా అడగడాన్ని నిషేధించింది. కొండమీద సింహాచలం దేవస్థానం కార్యనిర్వహణాధికారి పదవికి మాత్రం ఆ నిబంధన వర్తించదు. 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం ఆ అధికారి హిందూ మతాన్ని అవలంబించేవారై ఉండాలి. మతం వదిలేస్తే కుర్చీ కూడా వదులుకోవాల్సిందే. మత సంస్థల వ్యవహారాలు చూసే పదవులకు అలా షరతు పెట్టొచ్చని పదహారో అధికరణలోని అయిదో క్లాజే చెబుతోంది. తలుపు పూర్తిగా తెరుచుకుందా అంటే... గుడి, మసీదు, చర్చిల వ్యవహారాలు మినహా అని చెప్పుకోవాలి.

చట్టం అడ్డుపడకపోయినా సమాజం అడ్డుపడొచ్చు. 'గోరా'గా పేరొందిన గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్ర అధ్యాపకుడు. నాస్తిక భావాలు ప్రకటించినందుకు 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. తర్వాత మచిలీపట్నంలోనూ అదే అనుభవం. ఆయన 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు.

అదే గోరాకి గాంధీజీతో చక్కటి స్నేహం. తన కూతురి పెళ్లి సేవాగ్రామ్‌లో జరిపించమని అడిగినప్పుడు ప్రమాణాల్లో దేవుడి పేరు ఎలాగన్న ప్రశ్న వచ్చింది. రామనామం విడవని గాంధీజీ క్షణం తటపటాయించలేదు. దేవుడి పేరిట అనే చోట సత్యం పేరిట అందామన్నారు. 1948లో ఆ పెళ్లి జరిగేనాటికి ఆయన లేరు. ఆయన ఒప్పుకున్న ఆ మాట మాత్రం ఉంది. వధూవరులు సత్యం సాక్షిగా ఒక్కటయ్యారు.