ఇంజన్ విప్పితే బయటపడేవి

పాత కారు ఇంజన్ విప్పినప్పుడు అడుగున ముక్కో, ఇసుకో, పీచో కనబడితే చాలామంది గుడ్డతో తుడిచి పారేయిస్తారు. నాకైతే మనసొప్పదు. బండి లోపల ఏం జరిగిందో చెప్పేది ఆ చెత్తే. అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలేదాకా ఇంజన్ బిగించనివ్వకూడదు.

ముందు అయస్కాంతం పట్టించాలి. అతుక్కుంటే చైనో, గేరో, పిస్టన్ రింగో అరిగిందని అర్థం. అతుక్కోకుండా వెండిలా మెరిస్తే అల్యూమినియం, అనుమానం పిస్టన్ మీదికి పోవాలి. రాగి రంగు పొడి కనబడితే మాత్రం కంగారు పడాల్సిందే: క్రాంక్ షాఫ్ట్ బేరింగులు పై పూత దాటి లోపొర దాకా అరిగిపోయాయి.

ప్లాస్టిక్ దొరికితే? అమెరికాలో జనరల్ మోటార్స్ 1960లలో, 70లలో చాలా వి8 ఇంజన్లకు చప్పుడు తగ్గాలని క్యామ్ షాఫ్ట్‌ను చైన్‌తో తిప్పే అల్యూమినియం చక్రం పళ్లకు నైలాన్ తొడిగింది. ఏళ్ల తరబడి వేడికి నైలాన్ పెళుసెక్కి, పళ్లు విరిగి ఆయిల్ చాంబర్‌లోకి రాలేవి. అక్కడ ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే ఇంజన్‌కు ఆయిల్ అందదు. అందుకే కొత్త చైన్ వేసి ఉన్న ఇంజన్ అడుగున పాత నైలాన్ పళ్లు కనబడితే, ఇదివరకు పని చేసినవాళ్లు చైన్ మార్చి చాంబర్ విప్పకుండా వదిలేశారని తెలిసిపోతుంది.

1980లలో టొయోటా 22ఆర్ ఇంజన్లలో చైన్ పక్కన ప్లాస్టిక్ గైడ్లుండేవి. అవి విరిగితే వదులైన చైన్ ముందు కవర్‌ను రాసుకుంటూ చివరికి కోసేసేది. దాంతో కూలెంట్ ఆయిల్‌లో కలిసిపోయేది.

ఇసుక దొరికిందంటే దుమ్ము చొరబడిందనే అనుకోనక్కర్లేదు. ఇంజన్ బ్లాకును ఇసుక అచ్చుల్లో పోత పోస్తారు. లోపలి ఇసుకను తీసేసిన గుండ్రటి రంధ్రాలకు తర్వాత బిళ్లలు బిగిస్తారు. నీళ్లు తిరిగే సందుల మూలల్లో మిగిలిన ఇసుక, దశాబ్దాల తర్వాత ఆ బిళ్లలు ఊడదీసినప్పుడు తుప్పుతో కలిసి బయటికి రావచ్చు. ఫ్యాక్టరీలో పోత పోసిన నాటి ఇసుకను చేతిలోకి తీసుకోవడం నాకు మహా ఇష్టమైన విషయం.

బీఎండబ్ల్యూ ఎం47, ఎం57 డీజిల్ ఇంజన్లలో ముక్క పైనుంచి పడుతుంది. గాలి దారిలోని చిన్న రేకు తలుపులు విరిగి సిలిండర్‌లోకి జారితే పిస్టనూ వాల్వులూ దెబ్బతింటాయి.

ఇక బతికున్నవాటి సంగతి. 2021లో అమెరికాలోని ఫార్గోలో ఒకాయన తన పికప్ బండి నుంచి 42 గ్యాలన్ల అక్రోట్లు తీశాడు. సుమారు 160 లీటర్లు! అన్నీ ఒక ఎర్ర ఉడుత దాచినవే. 2011లో మాజ్డా సంస్థ ఉత్తర అమెరికాలో దాదాపు 65,000 మాజ్డా6 కార్లను వెనక్కి పిలిచింది. కారణం, వాటి పెట్రోలు ఆవిరి గొట్టంలో పసుపురంగు సాలీళ్లు గూళ్లు అల్లడమే. గొట్టం మూసుకుంటే ట్యాంకు పగిలే ప్రమాదముంది.

జర్మనీలో బానెట్ కింద దూరి గొట్టాలూ తీగలూ కొరికేది మార్టెన్ అనే ముంగిసలాంటి జంతువు. కారు మీద మరో మార్టెన్ వాసన తగిలితే అది మరీ రెచ్చిపోయి కొరుకుతుంది.

మన దగ్గర ఆ పని ఎలుకది. గుడ్డ పేలికలు, కొబ్బరి పీచు బానెట్ కింద కనబడ్డాయంటే తీగలన్నీ వరసగా చూసుకోవాలి. దీనికి హోండా అమ్మే టేపు ఒకటుంది. గుంటూరు మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్‌నే అందులో పట్టిస్తారు. తీగల చుట్టూ చుడితే ఎలుక నోరు మండి వదిలేయాలని.