నీళ్ల ట్యాంకరుకు కట్టు గట్టిదేనా?

కనిగిరి: శివరాత్రి దాటితే చాలు, ఈ ప్రాంతపు వెల్డింగు షాపుల ముందు నీళ్ల ట్యాంకర్లు వచ్చి నిలబడతాయి. ఆర్నెల్లుగా కళ్లాల్లోనూ, పెరళ్లలోనూ ఎండకు ఎండి వానకు తడిసిన వాటికి మాట్లు వేయించి, రంగు కొట్టించి, టైర్లకు గాలి పట్టించి రోడ్డెక్కిస్తారు. కనిగిరి, పొదిలి, మార్కాపురం పరిసరాల్లో బోరు నీటిలో ఫ్లోరైడు ఉన్న ఊళ్లు ఎన్నో. ఎండలు ముదిరి ఆ బోర్లు కూడా అడుగంటితే ట్యాంకరే దిక్కు. అది కారుతుందా లేదా అని అందరూ చూస్తారు. కింద ట్రక్కు చట్రానికి అది ఎలా అంటిపెట్టుకుని ఉందో వంగి చూసేవారు మాత్రం తక్కువ.

లీటరు నీరు కిలో బరువు. అయిదు వేల లీటర్ల ట్యాంకరు నిండిందంటే నీళ్లే అయిదు టన్నులు, ఇనుము బరువు దానికి అదనం. 75 కిలోల ధాన్యం బస్తాల లెక్కన చూస్తే 66 బస్తాల పైమాటే. అయితే బస్తాలు వేసినచోట పడి ఉంటాయి. నీళ్లు ఉండవు. అడ్డొచ్చిన గేదెను తప్పించడానికి డ్రైవరు గట్టిగా బ్రేకు తొక్కితే, బరువులో మూడో వంతు తోపు వచ్చినా ఒకటిన్నర టన్నుకు పైగా ముందుకు గుద్దుతుంది. దాన్ని ఆపవలసింది నాలుగో ఆరో బోల్టులు. చాలా ట్రక్కులకు సొంత బ్రేకులు లేవన్నది అందరికీ తెలిసిందే. ఆ తోపంతా చివరకు ట్రాక్టరు వెనుక చక్రాల మీద పడవలసిందే.

నిండు ట్యాంకరు కన్నా సగం ట్యాంకరే ఎక్కువ భయపెడుతుంది. నిండు ట్యాంకులో నీటికి కదలడానికి చోటుండదు. ఒక వీధిలో సగం పోసి రెండో వీధికి బయలుదేరినప్పుడు లోపల నీళ్లు కెరటంలా ఒకవైపు నుంచి మరోవైపుకు పోతాయి. మలుపులో బయటివైపుకు ఒరుగుతాయి. చెరువుకట్ట ఎక్కేటప్పుడు వెనక్కి పరుగెత్తుతాయి. రెండు చక్రాల ట్రక్కయితే వెనుక బరువు పెరిగి ముందు డ్రాబారు పైకి లేస్తుంది. ట్రాక్టరు వెనుక చక్రాల పట్టు సడలుతుంది. ట్యాంకును ఇరుసుకు కాస్త ముందుకు బిగించాలని పాత మేస్త్రీలు పట్టుబట్టేది అందుకే. ఆ ట్యాంకు ఏటా అంగుళం చొప్పున వెనక్కి జరిగితే ఆ జాగ్రత్త అంతా వృథా.

కెరటాన్ని విరగ్గొట్టడానికి పెట్రోలు లారీల ట్యాంకుల్లో లోపల అడ్డు పలకలు ఉంటాయి. వాటికి రంధ్రాలుంటాయి కాబట్టి నీరు మెల్లగా పారుతుంది గాని ఒక్కసారిగా దూకదు. మన ట్యాంకర్లలో కొన్నింటికే ఇవి ఉన్నాయి. ఖర్చుకు వెరచి మానేసేవారు కొందరైతే, లోపల కడగడం కష్టమని మానేసేవారు మరికొందరు. కడగడం మాట నిజమే. పలక అడుగున మనిషి చేయి పట్టేంత సందు, పక్కన మనిషి దూరే దారి ఉంచితే ఆ ఇబ్బంది తీరుతుంది. ఒక్క మాట: అడ్డంగా వేసిన పలకలు ముందువెనుకల ఊపును తగ్గిస్తాయే గాని పక్కలకు ఊగడాన్ని ఆపవు. పలకలున్నాయి కదా అని మలుపులో వేగం తగ్గించకపోవడం పొరపాటు.

ఇక బిగింపు సంగతి. గుండ్రని ట్యాంకును చట్రం మీద సూటిగా అతికిస్తే రేకు ఎక్కువకాలం ఉండదు. మన గతుకుల రోడ్ల మీద చట్రం మెలి తిరుగుతుంది, దానితోపాటు రేకూ తిరగాల్సి వచ్చి అతుకు అంచున చీలుతుంది. ట్యాంకు వంపుకు సరిపోయే దిమ్మెలు చేయించి, దిమ్మెకూ రేకుకూ మధ్య మందపాటి పలక వేసి, ఆ పలక మూలలు గుండ్రంగా కోయించాలి. దిమ్మెను చట్రానికి బోల్టులతో బిగించి, పాత టైరు ముక్క మెత్త వేస్తే అదురు తగ్గుతుంది. టైరు ముక్కకు బదులు కర్రముక్క పెట్టడం అలవాటుగా ఉంది. ఎండకు కర్ర కుంచించుకుపోతుంది, బోల్టు దానంతటదే వదులవుతుంది. నట్టు మీద నట్టు వేయడం, కొత్తగా బిగించాక రెండు మూడు ట్రిప్పులు తిప్పి మళ్లీ బిగించడం మరవకూడదు.

వదులైన బోల్టును కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు. దాని చుట్టూ తుప్పు పొడి రాలి ఉంటుంది, లేదా రాపిడికి ఇనుము తళతళలాడుతుంది. బిగించిన రోజునే నట్టు మీదుగా చట్రం మీదికి ఒక రంగు గీత గీస్తే మరీ తేలిక. గీత తప్పిందంటే నట్టు తిరిగినట్టే. అతుకు పక్కన తడిగా ఎర్రని చార కనిపిస్తే అక్కడ చీలిక మొదలైనట్టు. దాని మీద రంగు పూసి దాచడం మేలు కాదు.

ఇటీవల ఇనుప ట్యాంకు కొనలేని వారు మేడల మీద పెట్టే నల్ల ప్లాస్టిక్ ట్యాంకును మామూలు ట్రక్కులో ఎక్కించి, నైలాను మోకుతో నాలుగు చుట్లు కట్టి తిప్పుతున్నారు. అన్నింటిలోకీ ఇదే ప్రమాదకరం. ఆ ట్యాంకు చదునైన శ్లాబు మీద కదలకుండా కూర్చోవడానికి చేసింది. ట్రక్కు అడుగున రేకు సొట్టలు పడి ఉంటే బరువంతా రెండు మూడు చోట్లే పడి అడుగు పగులుతుంది. నైలాను తడిస్తే సాగుతుంది, ఎండకు పెళుసవుతుంది. పొద్దున బిగుతుగా కట్టిన మోకు మధ్యాహ్నానికి వేలాడుతుంటుంది. ట్యాంకు నాలుగంగుళాలు జరిగినా మొదట విరిగేది అడుగున ఉన్న కొళాయే. తప్పనిసరైతే అడుగున సమంగా చెక్కలు పరిచి, చుట్టూ యాంగిల్ ఇనుముతో పంజరంలా చేయించి, దాన్ని ట్రక్కుకు బోల్టులతో బిగించాలి. పైన లారీల వాళ్లు వాడే వెడల్పు బెల్టులు వేసి, నింపిన తర్వాత ఒకసారి, సగం ఖాళీ అయ్యాక ఒకసారి బిగించాలి.

ట్యాంకరు ఊళ్లోకి వచ్చిందంటే బిందెలతో జనం చుట్టుముడతారు. పిల్లలు డ్రాబారు మీద, ట్యాంకు మీద ఎక్కుతారు. బండి వెనక్కి వస్తుండగానే ఆడవాళ్లు కొళాయి దగ్గరికి చేరతారు. కట్టు తెగితే మొదట దెబ్బతినేది వీళ్లే. పైగా వ్యవసాయానికని రిజిస్టరు చేయించిన ట్రాక్టరును కిరాయి నీళ్లకు తిప్పుతున్నప్పుడు ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీలు తప్పవు.

పంచాయతీలు ట్యాంకరు యజమానులకు ట్రిప్పుల లెక్కన బిల్లులు చెల్లిస్తున్నాయి. ఎన్ని ట్రిప్పులు, ఎన్ని లీటర్లు అన్నదే పుస్తకంలోకి ఎక్కుతుంది. వేసవి సరఫరాకు బండ్లను ఒప్పుకునే ముందే గ్రామీణ నీటి సరఫరా సిబ్బంది దిమ్మెలు, బోల్టులు, ట్రాక్టరుకూ ట్రక్కుకూ మధ్య పిన్ను, దాని పక్కన రక్షణ గొలుసు ఒకసారి చూసి రాసుకుంటే బాగుంటుంది. ఇప్పుడు పిన్నుకు అడ్డంగా మేకు గుచ్చి వస్తున్న బండ్లు కూడా ఆ పుస్తకంలో మంచి బండ్లతోపాటే ఉంటున్నాయి.