కాజ రచయిత్రి, బందరు పుస్తకం

తెలుగులో రాసి బతకగలమా అని రచయితలు కావాలనుకునే పిల్లలు అడుగుతుంటారు. ఒకప్పుడు బతికారని కృష్ణా జిల్లాలోని మా ఘంటసాల చుట్టుపక్కల ఊళ్లే సాక్ష్యం చెబుతాయి. మాకు దగ్గర్లోనే, మొవ్వ మండలంలో కాజ ఉంది. యద్దనపూడి సులోచనారాణి 1940లో అక్కడ పుట్టారు. పదహారేళ్లకు ఆమె తొలి కథ ఆంధ్రపత్రికలో అచ్చయింది. 1960ల మధ్యలో ‘సెక్రటరీ’ జ్యోతి మాసపత్రికలో ధారావాహికగా వచ్చాక ఆమె పేరు తెలియని తెలుగు ఇల్లు అరుదు. 2018లో కాలిఫోర్నియాలోని కూపర్టినోలో కన్నుమూశారు. అంటే ఆమె చివరి చిరునామా మాకన్నా, అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు మీకే దగ్గర.

ఆమె ప్రతిభ గురించి చాలామంది రాశారు. ఆ ప్రతిభకు దొరికిన దారి గురించి రాసినవాళ్లు తక్కువ. అప్పట్లో నవల ముందు పత్రికలో సీరియల్‌గా వచ్చేది, తర్వాత పుస్తకమయ్యేది, ఆపైన సినిమాకు వెళ్లేది. ‘మీనా’, ‘జీవన తరంగాలు’ 1973లో, ‘సెక్రటరీ’ 1976లో తెరకెక్కాయి. ఒకే రచన ఒకచోట అయిపోకుండా మూడుచోట్ల పాఠకుల్నీ ప్రేక్షకుల్నీ సంపాదించుకునేది.

ఇక చదివేవాళ్ల శ్రద్ధ ఎలాంటిదో చెప్పాలి. వారం వారం సీరియల్ కాగితాలు జాగ్రత్తగా చించి, వరసగా పేర్చి, ఆఖరి భాగం వచ్చాక దబ్బనంతో దారం కుట్టి అట్ట వేయించుకునేవాళ్లు. పేజీ వెనకవైపు సబ్బు ప్రకటనో, వంటల శీర్షికో, పక్క కథ సగమో ఉండేది. పొలం పనులు తీరాక మధ్యాహ్నం ఆ కుట్టు పుస్తకం నాలుగిళ్లు తిరిగేది. అద్దె పుస్తకాల షాపుల్లో అయితే కొత్త నవలకు వంతు. ఆ చదువరుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు. రచయిత్రుల్ని నిలబెట్టింది వాళ్లే. విమర్శకులు ఆ నవలల్ని తేలిగ్గా తీసిపారేసినంత మాత్రాన ఈ మాట అబద్ధం కాదు.

రచయిత్రి కాజ నుంచి వస్తే, పుస్తకం బందరు (మచిలీపట్నం) నుంచి వచ్చింది. అక్కడ 1902లో కృష్ణాపత్రిక మొదలైంది. ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో పోయేదాకా దాన్ని నడిపారు. ఎం. శేషాచలం అండ్ కో అనే బందరు సంస్థ పేరే పొట్టిగా ఎమెస్కో అయింది. చేతిలో ఇమిడే పాకెట్ పుస్తకాలు తెచ్చింది, ‘ఇంటింటా గ్రంథాలయం’ పథకంతో వాటిని పోస్టులో ఇళ్లకు పంపింది. పుస్తకాల షాపు లేని ఊళ్లో కూడా నెలనెలా పుస్తకం కొనే అలవాటు అలా వచ్చింది. పేరు మోసిన రచయితకైనా, కొత్తగా రాసేవాడికైనా ఆ అలవాటే ఆధారం.

ఆ దారి తెగిపోయింది. టీవీ వచ్చింది, అద్దె షాపుల్లోకి వీడియో క్యాసెట్లు వచ్చాయి. కరోనా కాలంలో మిగిలిన పత్రికల్లో కొన్ని కూలాయి. 1978లో మొదలైన విపుల, చతుర మాసపత్రికలు 2021లో ఆగిపోయాయి. చతుర నెలకొక పూర్తి నవల వేసేది. అది మూతపడటంతో ఏడాదికి పన్నెండు నవలలకు చోటు పోయింది.

ఇప్పుడు రాసేవాళ్లకు దారులు లేకపోలేదు. 2014లో మొదలైన ప్రతిలిపి అనే ఆన్‌లైన్ వేదికలో వేలమంది తెలుగులో ధారావాహికలు రాస్తున్నారు, ఆడియో కథలు వస్తున్నాయి, తక్కువ కాపీలతో అచ్చు వేసుకునే వీలుంది. ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. అయితే అచ్చు ఖర్చు, ప్రచారం, పార్సిలు కట్టడం చాలావరకు రచయిత నెత్తినే పడ్డాయి. అందుకే హక్కుల సంగతి ముందు తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ కాగితం మీదే జరగాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అది 5 ఏళ్లకే చెల్లుతుంది. ఏ దేశాలకో రాయకపోతే భారతదేశానికే పరిమితం. రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు వారసులది. ఏకమొత్తం చేతికొచ్చిందని సంతోషంతో సంతకం చేసేముందు, ఆడియో, సినిమా, అనువాద హక్కులు దేనికది విడిగా రాయించుకోవాలి. ఒకే నవల ఎన్ని రూపాల్లో బతుకుతుందో సులోచనారాణి గారి జీవితమే చూపించింది కదా!

అమెరికాలోని మీ తెలుగు సంఘాలు రచయితలకు చేసిన మేలు చిన్నది కాదు. చంద్రలత నవల ‘రేగడి విత్తులు’కు 1997లో తానా సంఘం బహుమతి వచ్చింది. హ్యూస్టన్‌లో వంగూరి ఫౌండేషన్ 1994 నుంచి తెలుగు రచనకు అండగా ఉంది. కానీ బహుమతి ఒకరికి ఒకసారే అందుతుంది. రచయితకు కావలసింది నెలనెలా కొనే పాఠకుడు. ప్రతి సంఘం తన సభ్యుల స్వగ్రామాల గ్రంథాలయాలకు నెలకొక కొత్త తెలుగు పుస్తకం, పూర్తి ధర చెల్లించి, పంపించే ఏర్పాటు చేయాలని నా విన్నపం. మొదటి పార్సిలు మా దివిసీమ ఊళ్లకు పంపినా సరే, మీ ఊరికి పంపినా సరే. ఉచితంగా కాపీ ఇమ్మని మాత్రం ఏ రచయితనూ అడగకండి.